ఘాటు చూసిన పెదవి

క్యాన్సరు అన్న మాట చెవిన పడగానే బఖీత్ చేసిన మొదటి పని గోడ గడియారం వంక చూడటం. పదకొండు దాటి ఐదు నిమిషాలు. ఇంట్లో ఉంటే ఈపాటికి ఉడికిన చిక్కుడు గింజల ఫూల్ గిన్నె ముందు కూర్చుని, నువ్వుల నూనె చాల్లేదని గొణుగుతూ ఉండేవాడు. ఆకలి కూడా వేసింది. ఛీ, ఇదేం కడుపు, పెళ్ళానికి క్యాన్సరని చెబుతుంటే ఆకలేమిటి అని తనను తాను తిట్టుకున్నాడు గానీ కడుపు వినలేదు. పక్కన కల్తూమ రాయిలా కూర్చుంది. ఏడుస్తుందేమోనని భయపడ్డాడు, ఏడవలేదు. ఎదురుగా ఉన్న డాక్టరు తమాదుర్ మనిషి చిన్నదే, తన పెద్దకొడుకు ఈడుది, మాట మాత్రం సూది. కింది పెదవి లోపల, చిగుళ్ళ మొదట్లో పుట్టిందట. పెదవి కొంత, దవడ ఎముక కొంత తీసెయ్యాలట. మెడలోకి పాకిందో లేదో సర్జన్ వచ్చి చూస్తాడట, గంట పడుతుందట. చెప్పవలసిందంతా కల్తూమతో చెప్పి, అప్పుడు బఖీత్ వైపు తిరిగింది. "పోయిన నెల మిమ్మల్ని ఒక్కటే అడిగాను హాజీ, ఈవిడ తుంబాక్ పెట్టుకుంటారా అని. లేదన్నారు. ఇవాళ మళ్ళీ అడిగాను, మళ్ళీ లేదన్నారు. ఇరవై ఏళ్ళు కింది పెదవిలో పొగాకు పెట్టుకున్న మగాళ్ళ నోళ్ళలో చూస్తాను నేను దీన్ని, అచ్చం అక్కడే, అచ్చం ఇలాగే. మీరన్నా అబద్ధం చెబుతుండాలి, నేనన్నా చదువుకున్నది దండగై ఉండాలి. బయట కూర్చుని ఆలోచించండి. కారణం తెలీకుండా కోసి పంపితే మళ్ళీ నా దగ్గరికే వస్తారు."

వసారాలో బల్ల మీద చోటు దొరికింది. ఓందుర్మాన్ ఎండ కిటికీ ఊచల్లోంచి పడి మోకాళ్ళ మీద చారలు కట్టింది. ఆలోచించడానికి ఏముంది? లేదంటే లేదు. తన ఇంట్లో ఆడవాళ్ళు పొగాకు పెట్టుకోవడమా? తుంబాక్ తయారు చేసి అమ్మే తనకే ఆ అలవాటు లేదు, ఆ ముక్క ఇందాక లోపల డాక్టరమ్మ మొహం మీదే చెప్పాడు, కొంచెం గొప్పగానే చెప్పాడు. ఆవిడ అతన్ని గది మూలనున్న భూతద్దాల యంత్రం దగ్గరికి తీసుకెళ్ళి, మీ ఆవిడ పెదవిలోంచి తీసిన ముక్క ఇది, ఇందులో చూడండి అంది. ఒక కన్ను మూసుకుని చూశాడు. గులాబీ రంగు గుడ్డ మీద ఊదా సిరా చుక్కలు జల్లినట్టుంది. నోటి లోపలి చర్మం ఇటుకల గోడ అనుకోండి అంది డాక్టరమ్మ. పై వరస అరిగిపోతుంటే కిందినుంచి కొత్త వరస లేస్తుంది, ప్రతి కణం తనలాంటి ఇంకో కణాన్ని పుట్టిస్తుంది. రోజూ ఒకేచోట మంట పెడుతుంటే గోడ కట్టే పని తెరిపి లేకుండా సాగుతుంది, తొందర పనిలో తప్పులు పడతాయి. పడ్డ తప్పుని ఒళ్ళే దిద్దుకుంటుంది మామూలుగా, పొగాకులో విషం దాన్ని దిద్దుకోనివ్వదు. అప్పుడు తప్పు కణం తప్పు కణాన్నే కంటుంది. ఇదిగో ఇక్కడ చూడండి, నల్లగా, ఉబ్బి, ఒకదాని మీద ఒకటి ఎక్కి తొక్కుకుంటున్నాయి, ఇవి ఆగడం అనేది మరిచిపోయాయి. బఖీత్‌కి ఆ ఊదా చుక్కల్లో కల్తూమ ఎక్కడా కనపడలేదు. ముప్ఫై ఏళ్ళ కాపురం చేసిన మనిషి పెదవి లోపల ఇంత జాతర జరుగుతోందా, పైకి కాస్త గడ్డ కట్టినట్టుంది, అంతేగా!

"బఖీతూ! నువ్వేనా? నీకేం వచ్చిందయ్యా ఈ పాడు చోటికి?" బల్ల అవతలి కొసన కూర్చున్న మనిషి జరిగి జరిగి పక్కకు వచ్చాడు. లారీ తోలే తాజుద్దీన్, పదిహేనేళ్ళుగా తన అంగడికి బేరానికి వస్తున్నవాడు. కింది పెదవి ముందుకు పొడుచుకొచ్చి ఉంది, లోపల తుంబాక్ ఉండ ఉంది. పన్ను కదులుతోంటే పీకించుకోవడానికి వచ్చాడట. లోపలికి పిలిచే దాకా ఉండ తియ్యడట, తీస్తే చేతులు వణుకుతాయట. "ఇంట్లోవాళ్ళకి నోరు బాలేదు," అన్నాడు బఖీత్. ఏ ఇంట్లోవాళ్ళకి అని తాజుద్దీన్ అడగలేదు, మర్యాద తెలిసినవాడు. దేవుడు నయం చేస్తాడని చెప్పి, కిటికీ ఊచల్లోంచి గోధుమరంగు ఉమ్మి ఊసి, పెదవి తుడుచుకున్నాడు. ఆ ఉమ్మి ఎండలో ఎక్కడ పడిందో బఖీత్ చూడకూడదనుకుంటూనే చూశాడు. తన సరుకే. తన చేతి సరుకే. పదిహేనేళ్ళుగా ఈ మనిషి పెదవి కింద తన చెయ్యి కూర్చుని ఉంది, ఆ గోడ ఎన్నిసార్లు కట్టుకుని ఉంటుంది, ఎన్ని తప్పులు పడి ఉంటాయి. ఛ, ఏమిటీ పిచ్చి ఆలోచన, అందరూ పెట్టుకుంటారు, అందరికీ వస్తుందా, తన గురువు ముసలి హారూన్ ఎనభై దాటి బతకలేదూ? బతికాడు. పళ్ళు లేకుండా, పెదవికి కుట్లతో బతికాడు. ఆ కుట్లు ఒంటె కరిచి పడ్డాయని చెప్పేవాడు హారూన్, అందరూ నమ్మారు, ఒంటె పెదవి లోపల కరుస్తుందా అని ఒక్కడూ అడగలేదు.

హారూన్ దగ్గర పని నేర్చుకున్న రోజులు ఎల్ ఫాషెర్‌లో. ఆకు కోసి, పొలంలోనే ఆరబెట్టి, కట్టలు కట్టి, నీళ్ళు చిలకరించి, గోనెలు కప్పి మాగబెట్టడం. మాగుతున్న కొట్లోకి వెళ్తే కళ్ళు మండి ముక్కు కారేది, కట్టల మధ్య చెయ్యి పెడితే జ్వరం వచ్చిన పిల్లాడి ఒళ్ళులా వెచ్చగా ఉండేది. ఎంత మాగితే అంత సరుకు అనేవాడు హారూన్. పచ్చిగా ఉన్న ఆకు గొంతు పట్టుకుంటుంది, మాగిన ఆకు మనసు పట్టుకుంటుంది అనేవాడు. అదే మాగబెట్టడం గురించి డాక్టరమ్మ ఇందాక ఏమంది? అన్నింటికన్నా చెడ్డ విషం అక్కడే పుడుతుంది అంది, ఆ వెచ్చదనంలో, ఆ తడిలో. బఖీత్‌కి నవ్వొచ్చింది, ఏడుపులాంటి నవ్వు. ఆ వెచ్చదనం కోసం రాత్రుళ్ళు లేచి గోనెలు సర్దేవాడు తను. మరి అత్రూన్? ఎడారి గుంటల్లోంచి తవ్వి తెచ్చే ఆ ఉప్పు రాళ్ళు దంచి, నీళ్ళలో కరిగించి, పొగాకు పొడిలో కొంచెం కొంచెంగా పోసి అరచేతుల్తో నలపడమే కదా తన విద్య. పొడి ఒకదానికొకటి అంటుకోవాలి, వేలికి అంటుకోకూడదు, అదీ పదును. ఓందుర్మాన్ బజారంతా బఖీత్ చెయ్యి అంటారు. బఖీత్ చేతి ఘాటు అంటారు. ఘాటు తొందరగా ఎక్కేలా చేసేది ఆ ఉప్పే, విషాన్ని చర్మంలోకి పట్టించేదీ ఆ ఉప్పే అంది డాక్టరమ్మ. అంటే నలభై ఏళ్ళుగా తను నేర్చిందల్లా, దాచుకున్నదల్లా, గర్వపడిందల్లా, ఒక తలుపు ఎలా తియ్యాలో అన్నమాట. సరే, అదంతా నిజమే అనుకుందాం. కల్తూమకేం సంబంధం? ఆమె ఆ తలుపు దగ్గర ఎప్పుడు నిలబడింది?

ఆమె ఈ మాట వింటేనే అసహ్యించుకునేది కదా. పక్కింటి హాజ్జా నూరా ఒంటికి చుట్టుకునే తోబ్ అంచులో చిన్న సంచి కుట్టుకుని, అందులో పొగాకు దాచుకుని, పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ మధ్య కూర్చుని తలతిప్పి పెదవిలో సర్దుకునేది. ఆమె ఎలా మాట్లాడేదో కల్తూమ అనుకరించి చూపిస్తే ఇంటిల్లిపాదీ పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. "ముసలిదానికి కిస్రా రొట్టె లేకపోయినా ఫరవాలేదు, ఉండ లేకపోతే ప్రాణం పోతుంది. ఆడదానికి అదేం బుద్ధి?" అనేది కల్తూమ. అని, లవంగం నమిలి, నోరు పుక్కిలించి, నమాజుకి లేచేది. లవంగం ఎందుకు నమిలేది? నోరు వాసన పోవడానికి. ఏ వాసన? బఖీత్ ఆలోచన అక్కడ ఒక్కసారి తట్టుకుంది. తోవలో రాయి ఉందని తెలిసినవాడిలా చుట్టూ తిరిగి వెళ్ళబోయాడు. ఆమెకి లవంగం ఇష్టం, అందుకని. పెళ్ళి అయిన కొత్తలో, నాలుగో నెలో అయిదో నెలో, ఒక గంగాళం సరుకు చప్పగా వచ్చి బేరాలు తిరిగొచ్చాయి. బఖీత్ తల పట్టుకు కూర్చున్నాడు. వేళ్ళతో తడి తెలుస్తుంది, ముక్కుతో మాగు తెలుస్తుంది, ఘాటు తెలియాలంటే మాత్రం పెదవి కావాలి, తన పెదవి దానికి పనికిరాదు. చిన్నప్పుడు హారూన్ బలవంతాన పెట్టిస్తే కళ్ళు తిరిగి ఆకుల కట్టల మీద పడ్డాడు, ఇప్పటికీ చిటికెడు తగిలితే వాంతే. ఫాషెర్‌లో ఉన్నన్నాళ్ళు అమ్మ చూసి చెప్పేది. అప్పుడు కల్తూమ చాప తెర పక్కకు జరిపి, ఏదీ ఇలా తే అంది. చిటికెడు తీసి కింది పెదవి లోపల పెట్టుకుంది, కాసేపు కళ్ళు మూసుకుంది, తెరిచింది. "ఉప్పు లేని పిండిలా ఉంది. ఇంకో గుప్పెడు అత్రూన్ నీళ్ళు పొయ్యి," అంది. పోశాడు. మర్నాడు బజారు బజారంతా బఖీత్ చెయ్యి అంది.

ఆ రోజు నుంచి అదే పద్ధతి. ముందు గదిలో అంగడి, చాప తెర అవతల ఆడవాళ్ళ వాకిలి. అతను నలిపిన ప్రతి గంగాళంలోంచీ చిటికెడు తీసి, టీ డబ్బా మూత మీద పెట్టి, తెర కిందినుంచి అవతలికి తోసేవాడు. అవతలినుంచి మాట వచ్చేది, చాలు అనో, ఇంకో గుప్పెడు అనో. ఘాటు వెంటనే తెలియదు, మెల్లగా ఎక్కుతుంది, పాలు పొంగు వచ్చేంత సేపు నోట్లో ఉంచాలి. మాట వచ్చేదాకా అతను చేతులు కడుక్కోకుండా కూర్చునేవాడు. పొద్దున రెండు గంగాళాలు, మధ్యాహ్నం రెండు, గురువారం సంత రోజున ఆరు. ఒక్కొక్క గంగాళానికి రెండు సార్లు, సరిపోకపోతే మూడు సార్లు. కడుపుతో ఉన్నప్పుడు కూడా చూసేది, వేవిళ్ళలో మాత్రం రెండు నెలలు చూడలేదు, ఆ రెండు నెలలు సరుకు పాడైందని తను విసుక్కున్నాడు, విసుక్కున్నాడు! ఎప్పుడూ ఒకే చోట పెట్టుకునేది. మధ్య పళ్ళకి కొంచెం ఎడమగా. అక్కడే బాగా తెలుస్తుంది అనేది.

మధ్య పళ్ళకి కొంచెం ఎడమగా. ఇందాక డాక్టరమ్మ కాగితం మీద పెదవి బొమ్మ గీసి, పెన్నుతో గుండ్రం చుట్టి చూపించిన చోటు. బఖీత్ రెండు చేతుల్తో బల్ల అంచు పట్టుకున్నాడు. తుంబాక్ వాడుతుందా అని అడిగితే లేదన్నాడు, రెండుసార్లు అన్నాడు, దేవుడి మీద ఒట్టేసి అన్నాడు. అబద్ధం చెప్పలేదు. పక్కన కూర్చుని కల్తూమ కూడా తల అడ్డంగా ఊపింది, ఆమెదీ అబద్ధం కాదు. వాడటం వేరు, ఘాటు చూడటం వేరు. వాడటం సిగ్గు, ఘాటు చూడటం పని. కూరలో ఉప్పు చూసినదాన్ని కూర తిన్నదంటామా? ముప్ఫై ఏళ్ళలో ఒక్కనాడైనా ఆ రెండూ ఒకటేనన్న ఆలోచన ఇద్దరిలో ఒక్కళ్ళకైనా వచ్చిందా? రాలేదే! ఆ గోడలో ఇటుకకి తెలుసా ఇది సిగ్గో, పనో? మగవాడి మోజో, పెళ్ళాం చేసిన సాయమో? మంట పెడితే కాలుతుంది, అంతే. హాజ్జా నూరా రోజుకి నాలుగు ఉండలు పెట్టుకునేదేమో, కల్తూమ పది సార్లు ఘాటు చూసేది. ఓరి నా తల్లో, వెక్కిరించిన మనిషే ఎక్కువ తిన్నది! తినిపించింది ఎవరు? డబ్బా మూత మీద పెట్టి, మర్యాదగా, తెర కిందినుంచి? తన అరచేతులు చూసుకున్నాడు. గీతల్లో గోధుమరంగు ఇంకిపోయి ఉంది, సబ్బుకి ఎన్నడూ పోని రంగు. ఈ చేతికి బజారులో పేరు. చెయ్యి కాదు, ఏనాడూ చెయ్యి కాదు, అది కల్తూమ పెదవి. పేరు తను తీసుకుని, పుండు ఆమెకి ఇచ్చాడు.

చెప్పాలి. ఇప్పుడే వెళ్ళి చెప్పాలి. ఎలా చెప్పాలి? మా ఆవిడ తుంబాక్ పెట్టుకుంటుంది అని డాక్టరమ్మతో, సర్జన్‌తో, అక్కడ నిలబడ్డ ఇద్దరు నర్సులతో? సాయంత్రానికి వాళ్ళ వీధికి చేరుతుంది, రేపటికి తమ వీధికి. పెదవి కోసిన ఆడదాన్ని చూసి అయ్యో పాపం అనే జనం, పొగాకు పెట్టుకుని పెదవి కోయించుకున్న ఆడదాన్ని చూసి మూతి తిప్పుతారు. చెప్పకపోతే? ఇంటికెళ్ళి ఈ పని మానేస్తే సరిపోదా, గుట్టుగా? ఇంకా ఇలా బేరాలాడుతున్నావా బఖీత్ అని తన మీద తనకే రోత పుట్టింది. ఆమె దవడ ఎముక తీస్తారంటే నీకు వీధి గొడవ. లేచాడు. తాజుద్దీన్ మోచెయ్యి పట్టుకుని ఆపాడు, పాపం మంచి మాట చెప్పి ధైర్యం ఇద్దామనుకున్నట్టున్నాడు. "దిగులు పడకు తమ్ముడూ. ఇంట్లో ఇంత కష్టం పెట్టుకుని కూడా నీ చెయ్యి తగ్గలేదయ్యా, అదీ మగతనమంటే. నిజం చెప్పనా, ఈ ఆరేడు నెలల నుంచీ నీ సరుకు మునుపటికన్నా పదునెక్కింది. పెట్టీ పెట్టగానే పట్టేస్తోంది. మా లారీల వాళ్ళందరం అదే అనుకుంటున్నాం, వయసు మీద పడేకొద్దీ వీడికి పడుచు చెయ్యి ఎక్కడినుంచి వచ్చిందిరా అని!"

బఖీత్ మెచ్చుకోలుగా తల ఊపాడు, ముప్ఫై ఏళ్ళ అలవాటు. ఊపిన తల మధ్యలో ఆగిపోయింది. ఆరేడు నెలల నుంచి. కల్తూమకి నోరు మండటం మొదలై ఎనిమిది నెలలు. టీ వేడి తగిలితే మంట, మిరపకారం తగిలితే మంట, చివరికి కిస్రా పులుపు తగిలినా అబ్బా అనేది. పండ్ల రసం, చల్లారిన గంజి, అంతే తాగేది. మరి అత్రూన్ ఉప్పు? దంచేటప్పుడు పొడి ఎగిరి కంట్లో పడితే మనిషి గెంతులేస్తాడే, ఆ ఉప్పుని పచ్చి పుండు మీద ఎలా పెట్టుకుంది ఇన్ని నెలలు? పెట్టుకోలేదు. పెట్టుకోలేదు గదా. అయినా డబ్బా మూత తెర కిందినుంచి వెళ్తూనే ఉంది, మాట వస్తూనే ఉంది. ఎవరి మాట? చాలు నాన్నా. ఇంకో గుప్పెడు నాన్నా. అది కూతురు ఇఖ్లాస్ గొంతు. వాళ్ళమ్మకి నొప్పిగా ఉంది కదా, ఆమె చెప్పిన మాటే పిల్ల అరిచి చెబుతోందనుకున్నాడు, పైగా ముచ్చటపడ్డాడు, తల్లికి ఎంత చేదోడుగా ఉందో నా చిట్టితల్లి అని. ఇరవై ఏళ్ళ పిల్ల. ఇంకా ఏ మంటా ఎరగని నోరు, అందుకే అంత ఖచ్చితంగా చెబుతోంది, అందుకే సరుకు పదునెక్కింది. యా అల్లా. యా అల్లా, ఇవాళ పొద్దున బయల్దేరుతూ తనేం చెప్పి వచ్చాడు? రెండు గంగాళాలు నలిపి ఉంచాను, సాయంత్రం లారీ కట్టేలోగా పదును చూసి మూత పెట్టండి అన్నాడు, తెర ఇవతల నిలబడి, తెర అవతల ఎవరున్నారో చూడకుండా.

జుబ్బా జేబులోంచి ఫోను తీసి ఇంటికి కలిపాడు. మోగి మోగి ఆగిపోబోతుంటే ఎత్తింది ఇఖ్లాస్. "నాన్నా, అమ్మ ఎలా ఉంది? డాక్టరమ్మ ఏమంది?" అంది. ఆ మాట వింటూనే బఖీత్‌కి తెలిసిపోయింది. నలభై ఏళ్ళుగా అంగట్లో రోజూ వింటున్న మాట తీరు అది, కింది పెదవి కదలకుండా జాగ్రత్తపడుతూ, ఉమ్మి మింగకుండా, మాటని నాలుక మీదే దొర్లించే తీరు. తాజుద్దీన్ ఇందాక మాట్లాడింది అలాగే. తన బిడ్డ గొంతులో ఆ తీరు ఇన్ని నెలలు తెర అవతలినుంచి విని కూడా పోల్చుకోలేకపోయాడు, ఎందుకంటే ఆడపిల్ల గొంతులో అది ఉంటుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

"నోట్లోది ఉమ్మెయ్."

"ఏంటి నాన్నా?"

"ఉమ్మెయ్యవే! ముందు ఉమ్మెయ్! నీళ్ళు పోసుకుని పుక్కిలించు, పది సార్లు పుక్కిలించు!" వసారాలో జనమంతా తలలు తిప్పారు. తాజుద్దీన్ ఉలిక్కిపడి చెయ్యి పెదవి మీద పెట్టుకున్నాడు. ఫోనులో బిందె చప్పుడు, నీళ్ళ చప్పుడు, దగ్గు. మళ్ళీ లైనులోకి వచ్చినప్పుడు పిల్ల గొంతు తేటగా, భయంగా ఉంది. "నీకెవరు చెప్పారు నాన్నా? అమ్మ చెప్పిందా? అమ్మే నీకు చెప్పొద్దంది. నోరు మండుతోందే, నాకు తగ్గేదాకా నువ్వు చూడు, మీ నాన్నకి తెలిస్తే సరుకు మీద నమ్మకం పోయి దిగులు పెట్టుకుంటాడు అంది. నేనేం వాడట్లేదు నాన్నా, ఒట్టు. ఊరికే ఘాటు చూస్తున్నానంతే."

ఊరికే ఘాటు చూస్తున్నానంతే. ఇందాక తను ఒట్టేసి డాక్టరమ్మతో చెప్పింది ఇదే కదా, మాటలే వేరు. బఖీత్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. డాక్టరమ్మ చెప్పిన ఇంకో సంగతి గుర్తొచ్చింది, అప్పుడు సరిగ్గా వినలేదు. ఈవిడకి ఇది నిన్న మొన్నటిది కాదు, ముందు తెల్లటి మచ్చ వచ్చి ఉంటుంది, నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు, ఆ దశలో మానేసి ఉంటే చాలామందికి లాగే తగ్గిపోయేది అంది. "అమ్మా ఇఖ్లాస్, విను," అన్నాడు, గొంతు ఎంత నెమ్మదిగా పెట్టగలడో అంత నెమ్మదిగా. "అద్దం దగ్గరికి వెళ్ళు. కింది పెదవి వేళ్ళతో బయటికి మడిచి చూడు. నువ్వు ఘాటు చూసే చోట. ఏమన్నా ఉందా?" చెప్పుల చప్పుడు దూరమైంది. తలుపు కిర్రుమంది. బఖీత్ ఫోను చెవికి అదిమిపట్టి నిలబడ్డాడు, ఏమీ లేదు నాన్నా అనే మాట కోసం. ఆ మూడు మాటలూ వినిపిస్తే చాలు, రేపటి నుంచి రాళ్ళు మోస్తాను, అంగడికి తాళం పెడతాను, ఇంకేమీ అడగను అని ఎవరికి మొక్కుకుంటున్నాడో తెలియకుండానే మొక్కుకున్నాడు. చెప్పులు తిరిగొచ్చాయి.

"ఉంది నాన్నా. తెల్లగా, గోరంత, కొంచెం ముడత పడ్డట్టు. నొప్పేం లేదు. వేలితో గట్టిగా రుద్దాను, పోవట్లేదు."

ఫోను కట్టెయ్యకుండానే నడిచాడు. తలుపు తట్టలేదు, తోసుకుని వెళ్ళాడు. లోపల కల్తూమ వెనక్కి వాలిన కుర్చీలో ఉంది, మొహం మీద పెద్ద దీపం, సర్జన్ వేళ్ళు ఆమె దవడ కింద వెతుకుతున్నాయి. తమాదుర్ తలెత్తి చూసింది. నర్సులు ఇద్దరు కాదు, నలుగురున్నారు. ఉండనీ. "వాడింది డాక్టరమ్మా," అన్నాడు బఖీత్. "ముప్ఫై ఏళ్ళు వాడింది. ఆమె తప్పు కాదు, నేనే వాడించాను. సరుకు ఘాటు చూసి చెప్పమని రోజూ నేనే పంపేవాణ్ణి, అది వాడటమని మాకు తెలీలేదు. మమ్మల్ని చంపినా తెలిసేది కాదు." కల్తూమ తల తిప్పి అతన్ని చూసింది. ఆ చూపులో సిగ్గు ఉందో కోపం ఉందో పోల్చుకునే ఓపిక అతనికి లేదు. ఇంకొకటి చెప్పాలి, అది చెబితే గానీ నిలబడలేడు. "ఏడెనిమిది నెలల నుంచీ మా అమ్మాయి చూస్తోంది. దానికీ తెల్లమచ్చ వచ్చిందట, తుడిస్తే పోవట్లేదట. ఇరవయ్యేళ్ళు దానికి. ఇదిగో, ఫోనులోనే ఉంది."

తమాదుర్ చెయ్యి చాచి ఫోను అందుకుని, అమ్మా నువ్వు భయపడకు, ఇప్పుడే బయల్దేరి రా, ఇంత తొందరగా చూస్తే తగ్గిపోవడానికే ఎక్కువ వీలుంది అని చెబుతోంది. ఆ మాటలు కల్తూమ వినిపించుకున్నట్టు లేదు. సర్జన్ చేతిని పక్కకు నెట్టి, దీపం కిందినుంచి లేచి కూర్చుంది. మందు పెట్టిన పెదవి మొద్దుబారి మాట పూర్తిగా పలకటం లేదు, అయినా గదిలో అందరికీ అర్థమైంది.

"నాది మళ్ళీ చూద్దురు గానీ. ముందు నన్ను ఇంటికి పోనివ్వండి, బిడ్డ చేతికి ఆ డబ్బా మూత అందించింది నేను," అంది. కుర్చీ దిగబోయి తూలి, బఖీత్ మీద పడిపోయింది.